గోటికీ గొడ్డలికీ మధ్య 34 రోజులు

2006 జూలై 11. నేనప్పుడు ముంబై లోయర్ పరేల్‌లో ఓ చిన్న ఆఫీసులో చేస్తూ, బోరివలీలో ఇంకో ముగ్గురు తెలుగు కుర్రాళ్ళతో కలిసి గదిలో ఉండేవాణ్ణి. సాయంత్రం ఆరున్నర దాటాక ఫోన్లు కలవడం మానేశాయి. పశ్చిమ లైన్లో 11 నిమిషాల్లో 7 లోకల్ రైళ్ళలో బాంబులు పేలాయని మాకు తెలియడానికి గంట పట్టింది. అన్నీ ఫస్ట్ క్లాస్ పెట్టెల్లోనే. 180 మందికి పైగా పోయారు. నా జేబులో ఉన్నది సెకండ్ క్లాస్ పాసు. జీతం పెరిగితే ఫస్ట్ క్లాస్ పాసు తీసుకోవాలని ఆ నెలలోనే అనుకున్నాను.

ఆ రాత్రి బాంద్రా దాకా నడిచి, అక్కణ్ణుంచి ఎవరిదో టెంపోలో వేలాడుతూ ఇల్లు చేరాను. రోడ్డు పక్క జనం నీళ్ళ సీసాలు, బిస్కెట్ పొట్లాలు పట్టుకుని నిలబడ్డారు. మర్నాడు పొద్దున రైళ్ళు నడిచాయి, మేమూ ఎక్కాం. టీవీల వాళ్ళు దానికి 'ముంబై స్ఫూర్తి' అని పేరు పెట్టారు. స్ఫూర్తేం లేదు, సెలవు పెడితే జీతం కోస్తారు.

ఆ మర్నాడు సాయంత్రమే, అంటే జూలై 12న, గదిలో టీవీ పెడితే వార్తల్లో సగం ముంబై, సగం లెబనాన్. ఇరాన్ అండతో లెబనాన్‌లో నడిచే సాయుధ సంస్థ హిజ్బుల్లా మనుషులు సరిహద్దు దాటి వచ్చి ఇద్దరు ఇజ్రాయెల్ సైనికుల్ని ఎత్తుకెళ్ళారట. కొన్ని గంటల్లోనే ఇజ్రాయెల్ విమానాలు దక్షిణ లెబనాన్‌లో వంతెనలు కూల్చేస్తున్నాయి. మా గదిలో కాకినాడవాడు ఒకడుండేవాడు. పళ్ళెంలో అన్నం కలుపుతున్నవాడు కలపడం ఆపి, "అదీ దేశమంటే! దెబ్బ కొడితే దెయ్యం దిగాలి. మనవాళ్ళేమో ఖండిస్తున్నాం, ఖండిస్తున్నాం అంటారు" అన్నాడు. ఎవరం కాదనలేదు. నేనైతే గట్టిగా ఔనన్నాను. నిన్న రాత్రి నడిచిన కాళ్ళు ఇంకా నొప్పెడుతున్నాయి.

ఆదివారం మావయ్యకి ఫోన్ చేశాను. మా అమ్మ పుట్టిల్లు పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. ఆ ఊరి పేరు ముందు 'మిలటరీ' అని చేర్చి పిలవడం అందరికీ అలవాటే, ఇంటికొకరైనా పట్టాళంలో చేసినవాళ్ళు ఉంటారు. మావయ్య 1987లో మన శాంతి సేనతో శ్రీలంకలోని జాఫ్నా వెళ్ళొచ్చిన మనిషి. మనం కూడా ఇజ్రాయెల్లా ఎందుకు చెయ్యకూడదని ఆవేశంగా ఓ పది నిమిషాలు మాట్లాడాను. అంతా విన్నాడు.

"ఒరేయ్ అల్లుడూ, గొడ్డలి ఎత్తడం ఎవరికైనా వచ్చురా. దించేదెప్పుడో ముందే అనుకుని ఎత్తారా లేదా, అది చూడు" అన్నాడు. తర్వాత వరినాట్ల సంగతిలోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు నాకు ఆ మాట ముసలాళ్ళ చాదస్తంలా వినిపించింది. తర్వాత 34 రోజులు నేను ఆ యుద్ధాన్ని క్రికెట్ స్కోరులా వెంబడించాను. ఆ తర్వాత ఇన్నేళ్ళూ, ఇలాంటిది ఎక్కడ జరిగినా, ప్రతిదాడి తగిన మేరకే ఉందా, మితిమీరిందా అన్న వాదన వచ్చినప్పుడల్లా నా బుర్ర మళ్ళీ ఆ 34 రోజుల దగ్గరికే పోతుంది. గాజా గురించి ఎందుకు రాయవని అడిగేవాళ్ళుంటారు. అక్కడి మంటల్లో చేతులు పెట్టి లెక్కలు వేయడం నా వల్ల కాదు. 2006 అలా కాదు. విచారణ సంఘం నివేదిక వచ్చింది, అటు నాయకుడూ ఇటు నాయకులూ తర్వాత ఏమన్నారో తెలుసు, ఎత్తుకెళ్ళిన ఇద్దరూ ఏమయ్యారో తెలుసు.

'మితిమీరిన' అని మన పత్రికలు తేలిగ్గా రాసేస్తాయి. మితం ఎక్కడుందో చెప్పకుండా మీరిందని ఎలా అంటారు? నిజానికి దీనికి మన సామెతల్లో కావలసినంత సరుకుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంటాం. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటాం. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోకు అంటాం. మూడూ ఒకటే అనిపిస్తాయి గానీ, మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలు. గోరూ గొడ్డలీ సామెత పనినీ పనిముట్టునీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. చెయ్యాల్సిన పనేమిటి, దానికెంత చాలు అని. పిచ్చుక సామెత ఇద్దరి బలాల్ని తూస్తుంది. ఎలుకల సామెత ఆ ఇంట్లో ఉన్న మిగతావాళ్ళ గురించి అడుగుతుంది.

టీవీ చర్చలన్నీ పిచ్చుక దగ్గరే ఆగిపోతాయి. ఇజ్రాయెల్ వైపు ఆ మొదటి రోజు చనిపోయింది 8 మంది సైనికులు. యుద్ధం ముగిసేసరికి లెబనాన్‌లో 1,100 మందికి పైగా పోయారు, ఎక్కువమంది మామూలు జనం. ఎనిమిదికి పదకొండు వందలా అని ఒకరు. యుద్ధమంటే తక్కెడా తూనికరాళ్ళా అని ఇంకొకరు. ఈ పేచీలో ఎవరూ నెగ్గరు, ఎందుకంటే ప్రశ్నే తప్పు. అంతర్జాతీయ చట్టం కూడా శవాల సంఖ్య సమానంగా ఉండాలని ఎక్కడా అనలేదు. అది అడిగేవి మొదటి సామెతా మూడో సామెతా అడిగేవే. ఆత్మరక్షణకు దిగిన దేశం దాడిని ఆపడానికీ మళ్ళీ రాకుండా చెయ్యడానికీ అవసరమైనంత బలమే వాడిందా అన్నది ఒకటి. ఒక్కో దెబ్బ వేసేటప్పుడు, దానివల్ల వచ్చే సైనిక లాభంతో పోలిస్తే చచ్చిపోయే సామాన్యుల సంఖ్య ఎక్కువైపోతుందా అన్నది రెండోది. ఈ రెండోదాన్ని 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్ వివరంగా రాసిపెట్టింది. ఇజ్రాయెల్ దానిమీద సంతకం చెయ్యలేదు. మనమూ చెయ్యలేదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

సంఖ్యలతో ఇంకో చిక్కుంది. ఆ యుద్ధంలో హిజ్బుల్లా ఉత్తర ఇజ్రాయెల్ మీదికి దాదాపు 4,000 రాకెట్లు వేసింది. చనిపోయిన ఇజ్రాయెల్ పౌరులు 43 మంది. అంత తక్కువ ఎందుకంటే అక్కడ జనం నేలమాళిగల్లో కూర్చున్నారు, లక్షలమంది దక్షిణానికి వెళ్ళిపోయారు. గురి తప్పినంత మాత్రాన రాకెట్టు నిర్దోషి అయిపోదు. పైగా వాటికి గురి అన్నదే లేదు. ఊరి వైపు తిప్పి వదలడమే. కొన్నింట్లో ఉక్కు గోళీలు కూరారు, మనిషి ఒంట్లోకి దూరడం తప్ప వాటికి వేరే ఉపయోగం లేదు. జూలై 16న హైఫా రైల్వే డిపోలో పడిన ఒక్కటి 8 మంది కార్మికుల్ని చంపింది. నాకది టీవీలో చూస్తుంటే ముంబైలాగే కనబడింది. రైళ్ళు, పట్టాలు, మధ్యలో టిఫిన్ డబ్బాలతో పనికొచ్చినవాళ్ళు. మూడు రోజుల తర్వాత ఇజ్రాయెల్‌లోనే అరబ్బులుండే ఊరు నజరేత్‌లో పడిన రాకెట్టుకి ఇద్దరు పసిపిల్లలు పోయారు. ఇద్దరూ అరబ్బుల పిల్లలే. హిజ్బుల్లా అధినేత హసన్ నస్రల్లా క్షమాపణ చెప్పాడు. అరబ్బుల పిల్లలు కాకపోయుంటే చెప్పేవాడా?

కాబట్టి ఇజ్రాయెల్‌కి తిరిగి కొట్టే హక్కు ఉందా అన్నదాంట్లో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. 2000 మే నెలలోనే అది దక్షిణ లెబనాన్ నుంచి సైన్యాన్ని వెనక్కి తీసుకుంది. ఐక్యరాజ్యసమితి గీసిన నీలి గీత దాటి, గస్తీ బండ్ల మీద పడి, ముగ్గుర్ని చంపి ఇద్దర్ని లాక్కెళ్ళడం దాడి కాకపోతే ఇంకేది దాడి? వెంటపడిన ట్యాంకు మందుపాతర మీదికెక్కి నలుగురు, వాళ్ళను బయటికి తీసే ప్రయత్నంలో ఇంకొకరు పోయారు. హిజ్బుల్లాకి కావాల్సింది ఖైదీల మార్పిడి. 2004 జనవరిలో జర్మనీ మధ్యవర్తిత్వంతో అలాంటి బేరం ఒకటి కుదిరింది కూడా. ఈసారీ కుదురుతుందనుకున్నారు.

ఇక దెబ్బల్ని రోజుల వారీగా చూద్దాం. నాకు తెలిసినంతలో ఈ ప్రశ్నను చూడాల్సిన పద్ధతి అదే. యుద్ధం మొత్తాన్ని ఒకే ముద్దగా చేసి 'తగినదా కాదా' అంటే జవాబు రాదు.

మొదటి రాత్రి. జూలై 12 అర్ధరాత్రి దాటాక ఇజ్రాయెల్ వైమానిక దళం అరగంట పైచిలుకు సమయంలో హిజ్బుల్లా దూరశ్రేణి రాకెట్లు దాచిన చోట్ల మీద బాంబులు వేసింది. వాటిల్లో చాలావరకు ఇళ్ళలోనే ఉన్నాయి, మామూలు కుటుంబాలు కాపురముంటున్న ఇళ్ళలో. ఆ ఇళ్ళ గురించి ఇజ్రాయెల్ గూఢచారి వర్గాలు ఏళ్ళ తరబడి సమాచారం పోగేసుకుని ఉన్నాయి. ఆ రాత్రి చచ్చిపోయిన పిల్లల్ని పక్కన పెట్టి నేను ఈ వాక్యం రాయలేను, అయినా రాస్తున్నాను: ఆ దెబ్బ తగినదే అనుకుంటున్నాను. హైఫాని దాటి కొట్టగల ఆయుధాన్ని వాడకముందే విరిచేశారు. ఇంటి పడగ్గదిలో రాకెట్టు పెట్టిన పాపంలో పెద్ద వాటా పెట్టినవాడిది.

రెండో రోజు. బేరూత్ విమానాశ్రయం రన్‌వేల మీద బాంబులు, సముద్రం వైపు దిగ్బంధం. బందీల్ని విమానంలో ఇరాన్‌కి తరలించకుండా, ఇరాన్ నుంచి ఆయుధాలు రాకుండా అన్నారు. సరే, కాస్త సాగదీస్తే ఒప్పుకోవచ్చు. జియ్యే విద్యుత్ కేంద్రం దగ్గర ఇంధన ట్యాంకుల్ని ఎందుకు పేల్చారు? పదివేల టన్నులకు పైగా చమురు మధ్యధరా సముద్రంలోకి పోయి తీరమంతా నల్లబడింది. ఎత్తుకుపోయిన ఇద్దరికీ ఆ చమురుకీ ఏ సంబంధమూ నాకు దొరకలేదు. దొరికేదల్లా ప్రధాని ఎహూద్ ఓల్మర్ట్ మొదటిరోజే అన్న మాట: ఇది తీవ్రవాదుల పని మాత్రమే కాదు, లెబనాన్ అనే దేశం చేసిన పని, ఆ దేశమే ఫలితం అనుభవిస్తుంది అని. లెబనాన్ ప్రధాని ఫువాద్ సినియోరా మాకు తెలియదు, మేం ఒప్పుకోం అని మొత్తుకున్నాడు. నిజమే, ఆయన మంత్రివర్గంలో హిజ్బుల్లా మంత్రులున్నారు. నిజమే, దక్షిణానికి తన సైన్యాన్ని పంపే సత్తా ఆ ప్రభుత్వానికి లేదు. కొడుకు మాట విననప్పుడు తండ్రి ఇల్లు తగలబెడితే కొడుకు దారికొస్తాడన్న లెక్క అది. ఆ కొడుకు అప్పటికే తండ్రికన్నా బలిసినవాడని ఊరందరికీ తెలుసు.

మూడో సామెత పనిచేయడం మొదలుపెట్టింది ఇక్కడే. ఆ నెలలో లెబనాన్‌లో దాదాపు పదిలక్షల మంది ఇళ్ళు వదిలారు. దేశ జనాభాలో నాలుగో వంతు. మన నౌకాదళం 'ఆపరేషన్ సుకూన్' పేరుతో మనవాళ్ళను, శ్రీలంక, నేపాల్ వాళ్ళను కలిపి రెండువేల రెండువందల మందికి పైగా సైప్రస్‌కి చేర్చింది. వెళ్ళిన ఓడల్లో ఒకదాని పేరు ఐఎన్ఎస్ ముంబై. ఆ వార్త చూసినరోజు మా గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. బాంబులు వేసేవాడి వైపు చప్పట్లు కొడుతున్న మేము, ఆ బాంబుల కింద నుంచి బయటపడుతున్న మనవాళ్ళను చూస్తున్నాం. దక్షిణ లెబనాన్‌లో ఐరాస శాంతిదళంలో మన బెటాలియన్ కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

జూలై 30న కానా. ఓ ఇంటి మీద బాంబు పడి 28 మంది పోయారు, సగానికి పైగా పిల్లలు. పదేళ్ళ క్రితం, 1996లో, అదే ఊళ్ళో ఐరాస శిబిరంలో తలదాచుకున్న వందమందికి పైగా జనం ఇజ్రాయెల్ ఫిరంగులకు చచ్చిపోయారు. ఒకే ఊరికి రెండుసార్లు. ఆ ఊరి నుంచి రాకెట్లు వేస్తున్నారని ఇజ్రాయెల్ అంది, ముందే ఖాళీ చేయమని కరపత్రాలు జల్లామంది. కరపత్రం చదివి వెళ్ళిపోవాలంటే బండి కావాలి, పెట్రోలు కావాలి, కూలని వంతెన కావాలి. వంతెనలు ఎవరు కూల్చారో చెప్పనక్కర్లేదు.

మావయ్య ఒకసారి జాఫ్నా గురించి చెప్పాడు. చాలా ఏళ్ళ తర్వాత, నేను అడగకుండానే. "చెట్టు మీంచి కాల్చేవాడు వేరు, ఇంట్లోంచి కాల్చేవాడు వేరురా. చెట్టయితే చెట్టుని కొట్టేస్తావ్. ఇంట్లోంచి నీ పక్కనోణ్ణి కొట్టాడనుకో, నీకు ఇల్లు కనబడదు, ఆ కిటికీయే కనబడుద్ది. ఇల్లు కనబడేలా చెయ్యాల్సినోడు పైన కూర్చున్న ఆఫీసరు. ఆడికీ కిటికీయే కనబడితే ఇంక అంతే." 1987 అక్టోబరు 21న, దీపావళి రోజు, జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, డాక్టర్లు, నర్సులు అరవై మందికి పైగా చనిపోయారు. ఎదురుకాల్పుల్లో అని మన సైన్యం అంది. బతికినవాళ్ళు అలా చెప్పలేదు. నేను దాని గురించి తర్వాత చదివాను. మావయ్య ఆ రోజు ఏ వీధిలో ఉన్నాడో అడగలేదు. ఇజ్రాయెల్‌ని విమర్శించేటప్పుడు మనం గుర్తు పెట్టుకోవాల్సిన సంగతుల్లో ఇదొకటి.

ఇక చివరి మూడు రోజులు. నా వాదనంతా నిజానికి వాటి గురించే.

ఓల్మర్ట్ జూలై 17న పార్లమెంటులో తన లక్ష్యాలు చెప్పాడు. బందీలు తిరిగి రావాలి, రాకెట్లు ఆగాలి, హిజ్బుల్లా సరిహద్దు నుంచి పోవాలి, లెబనాన్ సైన్యం దక్షిణానికి రావాలి. ఆగస్టు 11 నాటికి ఏమైంది? లెబనాన్ సైన్యం, పెంచిన ఐరాస దళం దక్షిణంలోకి దిగేలా భద్రతా మండలిలో 1701వ తీర్మానం సిద్ధమైంది. ఆ రాత్రి ఏకగ్రీవంగా ఆమోదించారు కూడా. అంటే దొరకాల్సినది కాగితం మీద దొరికేసింది. సరిగ్గా అప్పుడే నేల మీద పెద్ద దాడికి ఉత్తర్వులిచ్చారు. కాల్పుల విరమణ ఆగస్టు 14 ఉదయం 8 గంటలకు. ఈ మధ్యలో, దాదాపు 60 గంటల్లో, 33 మంది ఇజ్రాయెల్ సైనికులు చనిపోయారు. విరమణ ఎప్పుడో తెలిసీ పంపారు.

అందులో ఒక కుర్రాడి వయసు 20, ట్యాంకు కమాండరు. ఆగస్టు 12న పోయాడు. తండ్రి డేవిడ్ గ్రాస్‌మన్, ఇజ్రాయెల్ రచయితల్లో పెద్దపేరున్నవాడు. ఆయన మొదట్లో ఈ యుద్ధాన్ని ఆత్మరక్షణగా సమర్థించాడు. రెండు రోజుల ముందే, ఆగస్టు 10న, ఇంకో ఇద్దరు రచయితలతో కలిసి విలేకరుల ముందు కూర్చుని ఇక ఆపండి, ఒప్పందానికి రండి అని అడిగాడు. ఆయన అభిప్రాయం మారిందని కొందరు వెక్కిరించారు. మారిందేమీ లేదు. జూలై 12కి సరైనది ఆగస్టు 10కి సరికాకుండా పోవచ్చు, అంతే. తగినంత అనేది రోజూ పొద్దున్నే మళ్ళీ అడగాల్సిన ప్రశ్న. ఆయన అడిగాడు.

ఆకాశం వైపు చూస్తే ఇంకా ఘోరం. దక్షిణ లెబనాన్ పొలాల మీద జల్లిన క్లస్టర్ బాంబుల్లో 90 శాతం చివరి 72 గంటల్లోనే పడ్డాయని ఐరాస సహాయ విభాగం అధిపతి యాన్ ఎగెలాండ్ చెప్పాడు. పూర్తిగా అనైతికం అన్నాడు. ఒక్కో గుండు లోపల వందల చిన్న బాంబులు, మొత్తం లక్షల్లో. పేలనివి అక్కడే ఆలివ్ చెట్ల కింద, పొగాకు మడుల్లో ఉండిపోయాయి. మన ప్రకాశం జిల్లాలాగే ఆ నేల మీదా పొగాకే కూడు పెడుతుంది. ఆకు తుంచడానికి వంగిన మనిషి చేతికి తగిలేవి. (హిజ్బుల్లా కూడా క్లస్టర్ రాకెట్లు కొన్ని వాడింది. లెక్కలో దాన్నీ రాసుకోవాలి.) కొద్ది గంటల్లో ఆగిపోతుందని తెలిసిన యుద్ధంలో, ఏళ్ళ తరబడి పేలే వస్తువుని చల్లడం వల్ల వచ్చే సైనిక లాభం ఏమిటో ఇప్పటికీ ఎవరూ నాకు నచ్చేలా చెప్పలేదు. లాభం సున్నా అయినప్పుడు ఎంత చిన్న నష్టమైనా మితిమీరినదే. ఇక్కడ నాకు ఏ అనుమానమూ లేదు. ఆ తర్వాత రెండేళ్ళకు క్లస్టర్ బాంబుల్ని నిషేధిస్తూ ఒప్పందం వచ్చిందంటే ఈ పొలాల పాత్ర చిన్నది కాదు. అందులోనూ ఇజ్రాయెల్ చేరలేదు, మనం చేరలేదు.

ఇప్పుడు కాకినాడవాడి వాదన. వాడు తెలివైనవాడు, వాడి వాదన తీసిపారేసేది కాదు. "నస్రల్లా స్వయంగా ఏమన్నాడు? ఈ దెబ్బ పడుతుందని నూటికి ఒక పాలు అనుకున్నా ఆ సైనికుల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళం కాదన్నాడు కదా! అదీ భయమంటే. మితంగా కొడితే భయమెక్కడిది?" నిజమే. 2006 ఆగస్టు 27న టీవీ ఇంటర్వ్యూలో నస్రల్లా అలాగే అన్నాడు. 2006 నుంచి 2023 అక్టోబరు దాకా ఆ సరిహద్దులో పెద్ద యుద్ధం రాలేదు కూడా. 17 ఏళ్ళు తక్కువేం కాదు, ఒక పిల్లాడు పుట్టి ఇంటర్ పూర్తిచేసేంత కాలం.

దీన్ని నేను చాలాకాలం మింగలేక కక్కలేక ఉన్నాను. ఇప్పుడు నాకు తోచేదిది. నస్రల్లాని భయపెట్టింది ఏ దెబ్బ? మొదటి రాత్రి రాకెట్లు పోవడమా, చివరి రోజుల్లో పొగాకు మడుల్లో బాంబులు చల్లడమా? భయం వల్లే శాంతి వచ్చిందనేవాళ్ళు దీన్ని విడదీసి ఎప్పుడూ చెప్పరు. మొత్తం కట్టగట్టి, ఇదంతా చేశాం గనక అది జరగలేదు అంటారు. అలాగైతే ఇంకా రెట్టింపు చేస్తే 34 ఏళ్ళు ప్రశాంతంగా ఉండేదా? ఆ వాదనకి పై హద్దు లేదు, అందుకే అది వాదన కింద నిలబడదు. పైగా ఆ 17 ఏళ్ళలో హిజ్బుల్లా రాకెట్లు వేల నుంచి లక్ష దాటాయని ఇజ్రాయెల్ వాళ్ళే అంచనా వేశారు. భయపడ్డవాడు ఊరికే కూర్చోలేదు.

విచిత్రమేమిటంటే ఇజ్రాయెల్ సైన్యం ఆ పై హద్దు లేకపోవడాన్నే సిద్ధాంతం చేసుకుంది. 2008లో ఉత్తర కమాండ్ అధిపతి గాదీ ఐజెన్‌కోట్ ఒక పత్రికతో, ఏ ఊరి నుంచి కాల్పులొచ్చినా ఆ ఊరి మీద మితిమీరిన బలమే వాడతాం, మా దృష్టిలో అవి ఊళ్ళు కావు, సైనిక స్థావరాలు అన్నాడు. బేరూత్ శివారు దాహియాకి 2006లో పట్టిన గతి పేరుమీద దాన్ని దాహియా సిద్ధాంతం అంటారు. ఎదుటివాళ్ళు మోపే నేరాన్ని ఈయన విధానంగా ప్రకటించాడు. మావయ్య మాటల్లో చెప్పాలంటే, కిటికీ తప్ప ఇల్లు కనబడదని పైన కూర్చున్న ఆఫీసరే కాగితం మీద రాసిచ్చాడు. 2024 సెప్టెంబరు 27న నస్రల్లా చనిపోయింది కూడా ఆ దాహియాలోనే, బాంబుల కిందే.

ఇజ్రాయెల్‌లో నాకు నచ్చిన విషయం ఒకటి చెప్పాలి. యుద్ధం అయిన వెంటనే జనం ఊరుకోలేదు. మాజీ న్యాయమూర్తి వినోగ్రాడ్ నాయకత్వంలో విచారణ సంఘం వేయించారు. 2007 ఏప్రిల్‌లో మధ్యంతర నివేదిక ప్రధానినీ, రక్షణ మంత్రినీ, సైన్యాధిపతినీ పేరుపేరునా తప్పుపట్టింది. వివరమైన ప్రణాళిక లేకుండా దిగారు, లక్ష్యాలు స్పష్టంగా లేవు, కొన్ని ఆ దారిలో సాధించగలిగేవే కావు అంది. సైన్యాధిపతి దాన్ హలుట్జ్ అప్పటికే రాజీనామా చేశాడు. సైనికుల్ని ఎత్తుకెళ్ళిన రోజు మధ్యాహ్నమే ఈయన తన షేర్లు అమ్మేసుకున్నాడని బయటపడి పెద్ద గోల అయింది. యుద్ధం ఎంతదూరం పోతుందో ఆయన బ్రోకరుకి మాత్రం ముందే అర్థమై ఉండాలి. అలాంటి నివేదిక మన దగ్గర వస్తుందా అంటే, నేను ఆశ పెట్టుకోను.

ఆ ఇద్దరు బందీలు? 2008 జూలై 16న సరిహద్దు దగ్గర బండిలోంచి రెండు శవపేటికలు దించారు. ఆ క్షణం దాకా బతికున్నారో లేదో హిజ్బుల్లా చెప్పలేదు. బదులుగా ఇజ్రాయెల్ ఐదుగురు ఖైదీల్ని, సుమారు 200 మంది శవాల్ని ఇచ్చింది. అంటే మొదటిరోజు ఏ మార్పిడి చెయ్యనని యుద్ధానికి దిగిందో రెండేళ్ళకు ఆ మార్పిడే చేసింది.

మళ్ళీ ముంబైకి వస్తాను. జూలై 11న మేము కోరుకున్నట్టు మన విమానాలు లేచి ఉంటే ఎక్కడికి వెళ్ళేవి? హిజ్బుల్లా తానే చేశానని చెప్పుకుంది. మన బాంబులు ఎవరు పెట్టారు? లష్కరే తోయిబా, సిమి అన్నారు మొదట. రెండేళ్ళకు ముంబై పోలీసుల్లోనే ఇంకో విభాగం ఇండియన్ ముజాహిదీన్ అంది. 2015లో ప్రత్యేక కోర్టు 12 మందికి శిక్ష వేసింది, ఐదుగురికి ఉరి. 2025 జూలై 21న బాంబే హైకోర్టు ఆ 12 మందినీ నిర్దోషులని వదిలేసింది. మూడు రోజుల్లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని వేరే కేసుల్లో ఉదాహరణగా వాడొద్దంది గానీ, వాళ్ళను తిరిగి జైలుకి పంపలేదు. 19 ఏళ్ళ తర్వాత కూడా ఆ రైళ్ళకు బాధ్యుడు ఫలానా అని కోర్టులో నిలబడలేదు. దెబ్బ తగినంతా కాదా అనే ప్రశ్న రావాలంటే ముందు దెబ్బ పడాల్సిన వీపు ఎవరిదో తెలియాలి కదా.

అందుకే ఎప్పుడూ కొట్టొద్దనే వాదన కూడా నాది కాదు. 2008 నవంబరులో 166 మంది పోయినప్పుడు వీపు ఎవరిదో స్పష్టంగా తెలుసు, ఒకడు ప్రాణాలతో దొరికాడు, అయినా మనం ఊరుకున్నాం. దాన్ని సంయమనం అనాలో చేతగానితనం అనాలో నాకిప్పటికీ తేలలేదు. పహల్గాంలో 26 మందిని చంపాక, 2025 మే 7న 9 చోట్ల కొట్టి, పొద్దున్నే ప్రభుత్వం వాడిన మాటలు విన్నప్పుడు మాత్రం మావయ్య గుర్తొచ్చాడు. గురిపెట్టి కొట్టాం, కొలిచి కొట్టాం, పెంచే ఉద్దేశం లేదు అన్నారు. గొడ్డలి దించే మాట ఎత్తినరోజే అన్నారన్నమాట. అనుకున్నంత తేలిగ్గా దిగిందా అంటే లేదు. నాలుగు రోజులు డ్రోన్లు, క్షిపణులు, సరిహద్దు ఊళ్ళ మీద ఫిరంగులు. శ్రీ సత్యసాయి జిల్లా తండా నుంచి వెళ్ళిన జవాను ఒకడు నియంత్రణ రేఖ దగ్గర పోయాడు. 10వ తేదీ సాయంత్రం ఆగింది.

ఆ రాత్రి కాకినాడవాడు ఫోన్ చేశాడు. ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాడు, ఇద్దరు పిల్లలు. కోపంతో ఊగిపోతున్నాడు. "మధ్యలో ఆపేశార్రా! చేతికందాక ఆపేశారు."

"మధ్య అంటున్నావంటే చివర ఎక్కడుందో నీకు తెలిసే ఉండాలి. ఎక్కడరా?" అన్నాను. వినోగ్రాడ్ గురించి, చివరి 60 గంటల గురించి, పొగాకు మడుల గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. చాలాసేపు చెప్పాను.

వాడు అంతా విని, "ఆ రోజు నీ జేబులో ఉన్నది ఫస్ట్ క్లాస్ పాసయితే?" అన్నాడు.